ఫ్రెంచి మాటయు ఇంటి మాటయు

ఒక జాతివారి నడవడిని, వారి యిండ్లలోని సుఖదుఃఖములను తెలిసికొనగోరువారు ముందుగా వారి భాషను నేర్వవలెనని పెద్దలు చెప్పుదురు. ఈ మాట సత్యమే గాని ఫ్రెంచి భాష విషయమున దీనిని కొంచెము సవరించుకొనవలసి యున్నది. ఫ్రెంచి మాటలాడు దేశములని భూగోళ పుస్తకములలో నొక పట్టిక యుండును. ఫ్రాన్సు, బెల్జియములో నొక భాగము, స్విట్జర్లాండులో నొక భాగము, కెనడాలో క్విబెక్కు రాష్ట్రము, హైతి, సెనెగాలు, ఐవరీ కోస్టు, ఇంక ననేకములు. ఈ పట్టికను చదివినవారికి ఆ దేశములన్నిటను తల్లులు బిడ్డలను ఫ్రెంచి పాటలతో జోకొట్టుదురని తోచును. సెనెగాలు రాజధానియైన డకారులో తల్లి బిడ్డను సాధారణముగా వోలోఫు భాషలో జోకొట్టును. ఆ బిడ్డ బడికి పోయిన నాడు ఫ్రెంచి వినును. కచేరికి పోయిన నాడు ఫ్రెంచిలో దరఖాస్తు వ్రాయించుకొనును.

ఈ రెంటి నడుమ నున్న దూరమును వ్యాకరణ పుస్తకము చూపజాలదు. నవలయు నంతగా చూపజాలదు; ఏలయన ఫ్రెంచిలో వ్రాసిన నవలలో బెస్తవాడును ఫ్రెంచియే మాటలాడును, వాని భార్యయు ఫ్రెంచిలోనే యేడ్చును. చలనచిత్రమున కొక సౌకర్యము కలదు. ఎవరు ఎవరితో ఏ భాష మాటలాడుదురో, ఎవరిని చూచినంతనే భాష మార్చుదురో, ఎవరి యెదుట నోరు మూసికొందురో యది చెవికి వినిపించును. ఫ్రెంచి సంస్కృతిని చిత్రముల మూలమున నేర్వదలచినవారు కంటికంటె చెవికే యెక్కువ పని చెప్పవలెనని నా యభిప్రాయము.

నేనీ విషయమును ఆలోచించుటకు మా పెద్దమ్మాయి చదువు కారణమైనది. ఇంటర్మీడియేటులో తెలుగు తీసికొన్నచో మార్కులు తగ్గునను భయముచేత మన బిడ్డలు పలువురు సంస్కృతమునో ఫ్రెంచినో ద్వితీయభాషగా గైకొనుచున్నారు. ఈ యలవాటును గూర్చి చెప్పవలసినది చాల కలదు గాని, అది వేఱొక వ్యాసమునకు తగిన విషయము. మా యమ్మాయి ఫ్రెంచి తీసికొన్నది. ఆమె పుస్తకమున ఈఫిలు గోపురము, పొడవాటి రొట్టె, కాఫీ యంగడి ముందు వేసిన కుర్చీలు కలవు. చివర నొక పుటలో ప్రపంచపటమును ముద్రించి, ఫ్రెంచి మాటలాడు దేశములకు నీలిరంగు వేసినారు. ఆ నీలిరంగు ఆఫ్రికా ఖండముమీద మిక్కిలి విస్తారముగా పరచుకొని యున్నది. "అమ్మా, ఇంతమంది ఫ్రెంచివాళ్లున్నారా?" అని యామె యడిగినది. దానికి సమాధానము వెదకుకొనుటకై మేము ఆదివారము సాయంకాలములందు మా ముందుగదిలో కొన్ని చిత్రములు చూడసాగితిమి. మా యత్తగారును మాతో కూర్చుండెడివారు. ఆమెకు ఇంగ్లీషు రాదు. తెర యడుగున వచ్చు ఇంగ్లీషు మాటలను నేను తెలుగున చెప్పుచుండెడిదానను.

సెనెగాలు 1960వ సంవత్సరమున స్వతంత్రమైనది. అంతకు పూర్వము అచటివారికి తమ బ్రతుకును తామే తెరమీద చూపుకొను స్వేచ్ఛ లేదు. 1934లో ఫ్రెంచి వలసల మంత్రియైన లావాలు పేర నొక శాసనము వెలువడెను. దాని ననుసరించి ఆఫ్రికాలోని ఫ్రెంచి వలసలలో చిత్రము తీయుటకు ప్రభుత్వము ననుమతి కావలెను. కథ యెట్టిదో, తీయువారెవరో అధికారులు ముందుగా పరీక్షింతురు. అందుచేత పోలెన్ సుమాను వియేరా మొదలగు ఆఫ్రికా యువకులు 1955లో తమ చిన్న చిత్రమును స్వదేశమున గాక పారిసు నగరమున, సేన్ నదీతీరమున తీసికొనిరి. తమ యూరిలో తాము చిత్రము తీయరాదు గాని, పాలకుల యూరిలో తీయవచ్చును! ఇట్టి విచిత్రములు పరప్రభుత్వములకు సహజములు.

ఈ దేశపు చిత్రములకు పెద్దదిక్కైనవాడు ఉస్మాన్ సెంబేను. అతడు 1923లో జిగించోరు పట్టణమున నొక జాలరి యింట పుట్టెను. బడినుండి వెడలగొట్టబడి, తాపీపని చేసి, రెండవ ప్రపంచయుద్ధమున ఫ్రెంచి సైన్యములో పనిచేసి, పిమ్మట మార్సేయి రేవులో మూటలు మోసెను. ఆ రేవులోనే చదువుకొని నవలాకారుడయ్యెను. కాని తన నవలలను తన దేశమున చదువగలవారు కొలదిమంది యని గ్రహించి, ఇంచుమించు నలువదేండ్ల ప్రాయమున మాస్కోకు పోయి చలనచిత్ర నిర్మాణమును అభ్యసించెను. సినిమా రాత్రిపాఠశాల యని యతడు చెప్పుచుండెడివాడు. మన దేశమున కిరసనాయిలు దీపముల వెలుతురున రాత్రిబడులు నడపినవారికి ఈ మాట యర్థమును విడమరచి చెప్పనక్కరలేదు. అతడు 2007లో మరణించెను.

1966లో వెలువడిన యతని చిత్రమునకు "లా న్వార్ ద..." యని పేరు. "ఫలానావారి నల్లపిల్ల" యని చెప్పుకొనవచ్చును. ఎవరి పిల్లయో చెప్పక పేరు నడుమనే యాగిపోవును. చిత్రము గంటసేపే యుండును. డకారులో నింటిపనికై వెదకు స్త్రీలు వీథి మూలను కూర్చుండి యుందురు. ఫ్రెంచి దొరసాని రాగానే తక్కినవారు ఆమె మీదికి పోవుదురు. జువానా యను పడుచు మాత్రము కదలదు. దొరసాని ఆ కదలని పిల్లనే యేరుకొనును. ఎందుచేత నేరుకొన్నదో చిత్రము చెప్పదు. గృహిణులమైన మనకు చెప్పకయే తెలియును. జువానా మొదట డకారులో వారి బిడ్డలను చూచుకొనును. సంతోషముతో నొక కొయ్యమొగమును వారికి కానుకగా నిచ్చును. తరువాత వారు ఆమెను ఫ్రాన్సులో ఆంటీబు పట్టణమునకు రప్పించుకొందురు. అచట బిడ్డలను చూచు పని పోయి, వంట, గుడ్డలు, ఊడ్పులు మీద పడును. కిటికీనుండి సముద్రము కనబడును గాని ఆమె దానియొద్దకు పోలేదు. ఆమె యెరిగిన ఫ్రాన్సులో నున్నవి వంటగది, స్నానపుగది, పడకగది, ముందుగది. ఆమె యిచ్చిన కొయ్యమొగము తెల్లని గోడమీద వ్రేలాడుచుండును.

మా యత్తగారు కొంతసేపు చూచి, "ఆ పిల్ల నోరు విప్పడం లేదు కదే, మరి ఇన్ని మాటలు ఎవరు చెబుతున్నారు?" అని యడిగిరి. చిత్రమునకు ఆయువుపట్టయిన సంగతి యిదియే. జువానా తన యజమానులతో "సరేనండి" యను దానికంటె నెక్కువ పలుకదు. ఆమె మనసులోని మాటలు మాత్రము చక్కని ఫ్రెంచిలో తెర వెనుకనుండి వినవచ్చుచుండును. ఆ కంఠము నటి దికాదు. హైతి దేశపు గాయని తోతో బిసైంత్ చెప్పినది. చదువురాని పడుచు మనసులో నంత ఫ్రెంచి యెట్లుండునని యాక్షేపించిన విమర్శకులు కలరు. ఆక్షేపణ న్యాయమైనదే. కాని ఆమె తలపులు కూడ యజమానుల భాషలోనికి మారిననే గాని మనకు వినబడవను సంగతి నాకు కథకంటె నెక్కువ బాధ కలిగించినది. నేనును ఆ ఫ్రెంచిని ఇంగ్లీషునుండి తెలుగులోనికి దింపుచుంటిని. ఆ పిల్ల స్వంతమాట మాత్రము ఎచటను లేదు.

మా యింట పాత్రలు తోమునామె ఆ సాయంకాలము పని ముగించుకొని గడప యొద్ద నిలుచుండి చూచుచుండెను. లోనికి వచ్చి కూర్చుండుమన్నను రాక, గడపకు ఆవలనే కూర్చుండెను. జువానాకు తల్లియొద్దనుండి జాబు వచ్చు ఘట్టము వచ్చెను. తల్లికి చదువు రాదు, ఎవరిచేతనో వ్రాయించినది. కూతురు డబ్బు పంపుటలేదని నిష్ఠురము. దొర దానిని పైకి చదివి, జువానాను అడుగకయే ఆమె పేర ప్రత్యుత్తరము వ్రాయ మొదలిడును. జువానా ఆ కాగితమును చింపివేయును.

"ఉత్తరం వాళ్లే రాసేస్తున్నారేంటమ్మగారూ? ఆ పిల్ల ఏం చెప్పందే!" అని గడప యొద్దనుండి మాట వచ్చెను. కొంత తడవున కామెయే, "మా చెల్లెలు కువైట్‌లో ఉన్నప్పుడూ ఇంతేనండి. అది ఫోన్లో బాగానే ఉన్నానంటే పక్కన ఎవరో ఉన్నట్టు లెక్క" అనెను.

గోదావరి మండలములనుండి, ముఖ్యముగా కోనసీమనుండి, ఇంటిపనికై కువైటు మొదలగు దేశములకు పోయిన స్త్రీలెందరో కలరు. వారు పంపిన సొమ్ముతో కట్టిన డాబాలు రోడ్డు వెంట కనబడును. ఆ సొమ్ము పంపినవారు ఏ గదిలో పరుండిరో, వారి పాసుపోర్టు ఎవరి పెట్టెలో నుండెనో, నెలజీతము నెలకు చేతికి వచ్చెనో లేదో డాబా చెప్పదు. మా పనిమనిషి చెల్లెలు మూడేండ్లకు తిరిగి వచ్చినది. ఏమి జరిగినదని యడిగినచో "పని చేశానండి" యని మాత్రమే చెప్పునట.

జువానా ఆ యింటినుండి సజీవముగా బయటపడదు. దొర ఆమె పెట్టెను, కొయ్యమొగమును, ఆమెకు రావలసిన జీతమును తీసికొని డకారులో నామె తల్లి యింటికి వచ్చును. తల్లి ఆ డబ్బును ముట్టదు. ఒక చిన్నవాడు కొయ్యమొగమును ముఖమునకు తగిలించుకొని, దొర కారెక్కి పోవువరకు వెంట నడచును. మా యమ్మాయి కన్నులు తుడుచుకొనుచుండెను. గడప యొద్దనున్నామె యేడ్వలేదు. "తీసుకోకపోవడం మంచిదేనండి. కానీ ఆవిడ రేపు ఏం తింటది?" అనెను. ఆ చిత్రమును గూర్చి విద్వాంసులు వ్రాసిన వ్యాసములు కొన్ని చదివితిని. ఈ ప్రశ్న వానిలో నాకు కనబడలేదు.

రెండేండ్లకు, అనగా 1968లో, సెంబేను "మందబీ" యను చిత్రము తీసెను. ఈసారి పాత్రలు వోలోఫు మాటలాడుదురు. నిర్మాణమునకు ఫ్రెంచి ప్రభుత్వపు నిధి కొంత లభించినందున ఫ్రెంచిలో నొక ప్రతియు కావలసి వచ్చెను. ఆ కారణమున కథను రెండు భాషలలో రెండుమారులు తీసిరి. మందబీ యనగా మనియార్డరు. ఇబ్రహీమా జ్యెంగు అను నిరుద్యోగికి, ఇద్దరు భార్యలు, ఏడుగురు బిడ్డలు గలవానికి, పారిసులో వీథులు ఊడ్చు మేనల్లుడు 25,000 ఫ్రాంకుల మనియార్డరు పంపును. అందు 2,000 మాత్రమే మామకు. 3,000 మేనల్లుని తల్లికి. తక్కిన 20,000 దాచిపెట్టవలెను. కాగితము చేతికి వచ్చినదని వినినంతనే భార్యలకు అంగడిలో బియ్యము అప్పు పుట్టును. ఇరుగు పొరుగువారు చేబదుళ్లకు వత్తురు. సొమ్ము మాత్రము రాదు. తపాలా కచేరివారు గుర్తింపు కార్డు తెమ్మందురు. కార్డు కావలెనన్న జనన పత్రము కావలెను. జనన పత్రము కావలెనన్న పుట్టిన తేది చెప్పవలెను. తాను ఇంచుమించు 1900 ప్రాంతమున పుట్టితినని మాత్రమే యతడెరుగును.

ఇచ్చట మా యత్తగారు పకపక నవ్విరి. ఆమె పుష్కరముల మఱుసటి యేడు పుట్టినదని ఆమె తల్లి చెప్పెడిది. ఆధారు కార్డుమీద నున్న తేది ఆమెను బడిలో చేర్చిన నాడు పంతులుగారు తోచినట్లు వేసినది. "నయం, ఆ పంతులు వేయకపోతే నాకూ పింఛను వచ్చేది కాదు" అనిరి. మా యమ్మాయి నవ్వలేదు. ఆమె వేఱొకటి వినుచుండెను. ఇంటిలో, మసీదు మెట్లమీద, అంగడిలో వోలోఫు మాటలాడినవారు కచేరి బల్ల యొద్దకు వచ్చునప్పటికి ఫ్రెంచిలోనికి దిగుదురు. ఆ ఫ్రెంచి మా యమ్మాయికి తెలిసినది. మీ పేరేమి, మీరెప్పుడు పుట్టితిరి, మీరెక్కడ నివసింతురు: ఇవి యామె పుస్తకమున మొదటి పాఠములోని వాక్యములు. పుస్తకములో ఇద్దరు విద్యార్థులు కాఫీ త్రాగుచు నొకరి నొకరు నవ్వుమొగములతో అడుగుకొందురు. తెరమీద నవే ప్రశ్నలు ఒక ముసలివానిని వారములతరబడి త్రిప్పి, ఫొటోగ్రాఫరు చేత మోసపుచ్చి, కడకు ఫ్రెంచి చదివిన దూరపు చుట్టము చేతిలో బడవేయును. ఆ చుట్టము అధికారపత్రము వ్రాయించుకొని, సొమ్ము తీసికొని, జేబు కత్తిరించినారని చెప్పి ఒక బియ్యపు బస్తా నిచ్చును.

సెంబేను మఱియొక చిత్రమును గూర్చి చెప్పి ఈ ప్రకరణమును విడిచెదను. 1977 నాటి "సెద్దో" చిత్రమును సెనెగాలు ప్రభుత్వము నిషేధించెను. పైకి చెప్పిన కారణము, ఆ పేరున "ద" యక్షరమును ద్విత్వముగా వ్రాసిరని, ఒక్కటే యుండవలెనట. నాటి రాష్ట్రపతి సెంగోరు మహాకవి. 1983లో ఫ్రెంచి ఎకాడెమీకి ఎన్నికైనవాడు. మతమును బలవంతముగా రుద్దుటను ప్రతిఘటించిన వారి కథ యగుటయే యసలు కారణమని పలువురు తలచిరి. అరసున్నకై, శకటరేఫకై మన పండితులు చేసిన యుద్ధములు తక్కువవి కావు గాని, ద్విత్వము కొఱకు ఒక చిత్రమును కట్టిపెట్టిన కీర్తి మనవారికి దక్కలేదు.

ఇంతవరకు చూచి, ఫ్రెంచి యనగా దొరల భాషయే యని మా యమ్మాయి తీర్మానించుకొనెను. అది యంత సులభముగా తేలునది కాదు. కెనడాలోని క్విబెక్కున ఫ్రెంచియే కూలివాని భాష. క్లోద్ జుత్రా 1971లో తీసిన "మోనోంక్ల్ ఆంత్వాన్" అను చిత్రమున, 1940 ప్రాంతములలో రాతినార గనులున్న యొక యూరిలో క్రిస్మసు వేళ కథ నడచును. గనిలో పనిచేయు జోస్ పులాన్ యజమానుడు ఇంగ్లీషులో కేకలు వేయుచుండ తనకు ఇంగ్లీషు రానట్లు నటించును. గని యజమానుడు బండిలో వీథివెంట పోవుచు బిడ్డలకు చౌకబారు బహుమానములను మంచులోనికి విసరుచుండును. తల్లులు వాకిళ్లలో నిలువబడి చూతురు. కొందరు బిడ్డలను లోపలికి పిలుతురు. ఇద్దరు బాలురు మంచుముద్దలతో వాని గుఱ్ఱమును కొట్టుదురు. ఒక్క భాష డకారులో అధికారి బల్లకు ఈవలను, క్విబెక్కులో ఆవలను నిలిచి యున్నది. పటముమీద రెంటికి నొకటే నీలిరంగు.

ఆ నీలిరంగు ఒకప్పుడు తెలుగు నేలమీదను కలదు. మాకు కాకినాడనుండి యానాము ఒక గంట ప్రయాణము. 1954వరకు అది ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహములను నిషేధించిన శారదా చట్టము 1929లో చట్టమై 1930 ఏప్రిలు 1వ తేదినుండి అమలులోనికి వచ్చెను. బాలికకు 14 ఏండ్లు, బాలునకు 18 ఏండ్లు నిండవలెనని నిబంధన. యానామునకు ఆ చట్టము వర్తింపదు. కావున పసిబిడ్డలకు పెండ్లి చేయదలచినవారు బంధువులతో, మేళతాళములతో అచటికి తరలిపోయి ముడివేయించుకొని వచ్చెడివారు. ఆ యూరికి కల్యాణపురమను పేరు అందుచేతనే వచ్చినదని చెప్పుదురు. స్వేచ్ఛ, సమానత, సోదరభావము అను మూడు మాటలను తన ధ్యేయముగా చాటుకొను ప్రభుత్వపు నీడలో ఎనిమిదేండ్ల పిల్లలు పల్లకి యెక్కిరి. ఈ సంగతి చెప్పగా మా యమ్మాయి నమ్మలేదు. అత్తగారు మాత్రము తమ మేనత్తగారి పెండ్లి యానాములోనే జరిగినదని, ఆమె పదునాఱవ యేట విధవ యయ్యెనని తాపీగా చెప్పిరి. ఇన్నేండ్లలో నామె ఆ మాట మా యింట నెన్నడు చెప్పలేదు.

ఈ మాట విన్న మఱుసటి ఆదివారము సెంబేను చివరి చిత్రమైన "మూలాదే"ను చూచితిమి. 2004లో బుర్కినా ఫాసోలోని యొక పల్లెలో తీసినది. దాని భాష బంబారా. ఫ్రెంచి అరుదుగా వినబడును. బంబారా ముఖ్యముగా మాలి దేశపు భాష. మాలి 2023 నాటి క్రొత్త రాజ్యాంగములో ఫ్రెంచిని అధికారభాషా స్థానమునుండి తొలగించినది. బుర్కినా ఫాసోయు ఆ త్రోవనే నడచినది. మా యమ్మాయి పుస్తకపు పటములో రెండును నీలముగనే యున్నవి.

ఆ పల్లెలో ఆడపిల్లలకు చిన్ననాడే శరీరమున కోతకోయు క్రూరాచారము కలదు. కోతనుండి ఆరుగురు పిల్లలు పారిపోవుదురు. ఇద్దరు బావిలో పడుదురు. నలుగురు కొల్లే ఆర్దో అను నామెను శరణు జొత్తురు. కొల్లే తన కూతురిని ఆ కోతకు ఈయని తల్లి. ఆమె వాకిటికి అడ్డముగా రంగురంగుల త్రాడొకటి కట్టును. మూలాదే యనగా శరణు. ఆ త్రాడు కట్టియున్నంతవరకు, ఆమె నోటితో విడుపు చెప్పనంతవరకు ఎవ్వరును లోనికి వచ్చి పిల్లలను పట్టుకొనరాదు. ఆచారమును ఎదిరించుటకు ఆచారమునే పట్టుకొన్నది. మా యత్తగారు ఆ త్రాటిని చూచి, "మన గుమ్మానికి కట్టే రక్షలాగే ఉందే" యనిరి. ఊరి పెద్దలు ఆడవారికి దుర్బుద్ధులు నేర్పుచున్నవని రేడియోలన్నిటిని లాగుకొని మసీదు ముందు కుప్పవేయింతురు. కుప్పలో కొన్ని యింకను మ్రోగుచునే యుండును.

కొల్లేను ఆమె భర్తచేతనే ఊరి నడుమ కొరడాతో కొట్టింతురు. విడుపు చెప్పుమని మగవారి కేకలు, చెప్పవద్దని ఆడవారి కేకలు. ఆమె పడిపోదు, చెప్పదు. కొల్లే ఆ యింట రెండవ భార్య. పెద్దభార్య పాతకాలపు మనిషి. ఇంటి పెత్తనము ఆమెది. ఆ పెద్దామె కూడ కడకు కొల్లే పక్షముననే నిలుచును.

చిత్రము ముగిసిన పిమ్మట మా యత్తగారు లేవలేదు. "ఆ పెద్దావిడ మనసు ఎక్కడ మారిందే అమ్మాయీ? నేను కనిపెట్టలేకపోయాను. మళ్లీ వెయ్యి" అనిరి. మేము చిత్రమును వెనుకకు త్రిప్పి, ఆమె కనబడిన చోట్ల నెల్ల ఆపి ఆపి చూచితిమి. ఆ రాత్రి మా యింట వంట ఆలస్యమైనది.